మీటరు చెప్పే వేడి, గింజలో ఉండే వేడి: ఇంటి కాఫీ రోస్టింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

పచ్చి కాఫీ గింజలను ఇంట్లోనే వేయించుకోవడం గురించి గత సంచికలో రాస్తూ, "ఉష్ణోగ్రత చూసుకుంటూ వేయించండి" అని ఒక్క వాక్యం చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం గురించే ఉన్నాయి. పాఠకులు అడిగింది న్యాయమే. ఆ వాక్యంలో దాటవేసిన సంగతులకు ఈసారి శీర్షిక మొత్తం కేటాయిస్తున్నాను. ఇక్కడ ఇచ్చిన డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

ప్రశ్న: ఫస్ట్ క్రాక్ (గింజలు మొదటిసారి టప్పుమని పగలడం) 196 డిగ్రీల దగ్గర మొదలవుతుందని చదివాను. నా చిన్న డ్రమ్ రోస్టర్‌లో మీటరు 207 చూపించేదాకా ఒక్క గింజా పగలడం లేదు. మా స్నేహితుడి రోస్టర్‌లో 188 దగ్గరే చిటపటలు మొదలవుతున్నాయి. ఇద్దరిలో ఎవరి థర్మామీటరు తప్పు?

జవాబు: ఎవరిదీ తప్పు కాకపోవచ్చు. మీటరు చూపించేది గింజ లోపలి వేడిని కాదు. గింజల మధ్య గుచ్చి ఉన్న ప్రోబ్ (వేడిని పట్టే సన్నని కడ్డీ) మొన ఆ క్షణానికి ఎంత వేడెక్కిందో, అంతే. ఆ మొనకు గింజలు తగులుతుంటాయి, గింజల సందుల్లోంచి వేడిగాలి తగులుతుంటుంది, ప్రోబ్ కాడ వెంట బయటి చల్లదనమో రోస్టర్ గోడ వేడో లోపలికి పాకుతుంటుంది. ఇవన్నీ కలిసి తేల్చిన అంకెకు మనం గింజ ఉష్ణోగ్రత అని పేరు పెట్టుకున్నాం. యంత్రం మారినా, ప్రోబ్ లావు మారినా, అది అమర్చిన చోటు రెండు సెంటీమీటర్లు జరిగినా ఆ కలయిక మారిపోతుంది, దానితోపాటు అంకె కూడా మారుతుంది.

మీ 207 విషయంలో ముందుగా అనుమానించవలసింది ఎన్ని గింజలు పోశారన్నదాన్ని. డ్రమ్ తిరుగుతున్నప్పుడు గింజల కుప్ప ఒక పక్కకు ఎగబాకి, జారి, మళ్లీ ఎగబాకుతుంటుంది. ప్రోబ్ మొన ఎప్పుడూ ఆ కుప్పలో మునిగి ఉండాలి. యంత్రం పట్టగలిగిన దానిలో సగమే పోస్తే మొన సగం సేపు గాలిలోనే ఉంటుంది. వేగుతున్నంతసేపూ గాలి గింజలకంటే వేడిగా ఉంటుంది కాబట్టి మీటరు ఎక్కువ చూపిస్తుంది. మీ స్నేహితుడి ప్రోబ్ లావుగా ఉండి ఉండవచ్చు. లావుపాటి ప్రోబ్ నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక ఎప్పుడూ గింజల వెనకాలే నడుస్తుంది. గింజలు నిమిషానికి 12 డిగ్రీల చొప్పున వేడెక్కుతున్నాయనుకోండి, అంటే సెకనుకు 0.2 డిగ్రీలు. ప్రోబ్ 20 సెకన్ల ఆలస్యంతో స్పందించేదైతే మీటరు ఎల్లవేళలా 4 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. 1.5 మిల్లీమీటర్ల సన్నని ప్రోబ్ వాడితే ఈ తేడా బాగా తగ్గుతుంది, కానీ అది సులువుగా వంగిపోతుంది, కాబట్టి ఇళ్లలో 3 మిల్లీమీటర్లది మంచి మధ్యేమార్గమని నా అభిప్రాయం.

అయినా సందేహం తీరకపోతే ప్రోబ్‌ను విప్పి, తెర్లుతున్న నీటిలో గిన్నె అడుగుకు తగలకుండా పట్టుకోండి. సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీలు చూపించాలి. ఎత్తయిన ప్రదేశాలలో నీరు అంతకంటే తక్కువ వేడికే మరుగుతుంది, సుమారుగా ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గించుకుని లెక్కవేయాలి. తరువాత దంచిన మంచుముక్కలను కొద్దిగా నీళ్లతో కలిపి ఆ ముద్దలో ముంచితే సున్నా దగ్గర నిలవాలి. ఇళ్లలో ఎక్కువగా వాడే కె రకం థర్మోకపుల్‌కు (ప్రోబ్ లోపల వేడిని కొలిచే లోహపు తీగల జంటకు) మామూలు శ్రేణిలో 2.2 డిగ్రీల వరకు అటూఇటూ తేడా ఉండడం ఆమోదించిన విషయమే. ఈ రెండు పరీక్షలలో ప్రోబ్ నెగ్గితే, మిగిలిన తేడా అమరికది అని నిశ్చయించుకుని దాన్ని సరిదిద్దే ప్రయత్నం మానుకోండి.

ఇతరుల అంకెలు మీకు పనికిరావాలంటే ఒక దారి ఉంది. అన్నిటినీ మీ ఫస్ట్ క్రాక్ నుంచి లెక్కించండి. మీ స్నేహితుడు 188 దగ్గర మొదటి పగులు విని 202 దగ్గర దించితే, అతను క్రాక్ తర్వాత 14 డిగ్రీలు వెళ్లాడన్నమాట. మీ మీటరు మీద అది 221 అవుతుంది. అతని 202ను మీరు అనుకరిస్తే మీ గింజలు ఇంకా పచ్చి వాసన వేస్తూనే ఉంటాయి. అయితే ఫస్ట్ క్రాక్‌ను గుర్తించడంలోనూ ఒక నియమం పెట్టుకోవాలి. ఒకటీ అరా గింజలు అందరికంటే ముందే టప్పుమంటాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. మొక్కజొన్న పేలాలు వేగడం మొదలైనప్పటిలాగా, ఒక పగులుకూ మరొక పగులుకూ మధ్య ఎడం రెండు మూడు సెకన్లకు తగ్గిన క్షణాన్ని నేను మొదలుగా రాసుకుంటాను. మీరు వేరే నియమం పెట్టుకున్నా ఇబ్బంది లేదు, కానీ ప్రతిసారీ అదే పాటించాలి.

ప్రశ్న: గింజలు పోయగానే మీటరు 190 నుంచి 90కి పడిపోయి, తర్వాత మెల్లగా పైకి లేస్తోంది. గింజలు మొదట చల్లబడి, ఆ తర్వాత వేడెక్కుతున్నాయా?

జవాబు: గింజలు ఒక్క క్షణం కూడా చల్లబడవు. గది వేడిలో ఉన్న గింజలు డ్రమ్‌లో పడిన మరుక్షణం నుంచీ వేడెక్కుతూనే ఉంటాయి. చల్లబడుతున్నది ప్రోబ్. అంతవరకూ ఖాళీ డ్రమ్‌లోని 190 డిగ్రీల గాలిలో ఉన్న ప్రోబ్ మీద ఒక్కసారిగా చల్లని గింజలు వచ్చి పడితే, అది గింజల వేడి వైపు దిగడం మొదలుపెడుతుంది. కిందికి దిగుతున్న ప్రోబ్, పైకి ఎక్కుతున్న గింజలు ఒకచోట కలుసుకుంటాయి. మీటరు మీద అదే అట్టడుగు అంకె. దాన్ని టర్నింగ్ పాయింట్ అంటారు. సన్నని ప్రోబ్‌తో అది త్వరగా, మరింత లోతున వస్తుంది. లావు ప్రోబ్‌తో ఆలస్యంగా, తక్కువ లోతున వస్తుంది. గింజలు మాత్రం రెండు సందర్భాలలోనూ ఒకేలా వేగుతున్నాయి.

కాబట్టి టర్నింగ్ పాయింట్ ఎన్ని డిగ్రీల దగ్గర ఉండాలనే ప్రశ్నకు అర్థం లేదు. కానీ మీ యంత్రంలో నిన్న 1 నిమిషం 20 సెకన్లకు 90 దగ్గర మలుపు తిరిగినది, అన్నే గింజలు పోసిన ఇవాళ 84 దగ్గర తిరిగితే, యంత్రం నిన్నటంతగా కాగలేదని అది మీకు చాలా ముందుగా చెబుతున్నట్టు. ఆ ఒక్క ప్రయోజనానికి దాన్ని తప్పకుండా రాసుకోండి.

ప్రశ్న: కొత్త ప్రోబ్ బిగించాను. మంట పెంచుతుంటే అంకె తగ్గుతోంది. పాడైపోయిందా?

జవాబు: తీగలు తారుమారయ్యాయి, అంతే. థర్మోకపుల్‌లో రెండు వేర్వేరు లోహాల తీగలు ఉంటాయి. కె రకంలో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు పుడతాయి, దానికి ధన రుణ దిశలు ఉంటాయి. మీటరు దగ్గర రెండు తీగలనూ అటూఇటూ మార్చండి. తీగ చాలక అతుకు వేయవలసి వస్తే మామూలు రాగి తీగ వాడకండి, కె రకానికే చేసిన పొడిగింపు తీగ వాడండి. రాగి తీగతో అతికితే అతుకు దగ్గర ఉన్న వేడి కూడా లెక్కలో కలిసి, యంత్రం పక్కన వేడెక్కిన కొద్దీ రీడింగ్ దారితప్పుతుంది.

ప్రశ్న: ఆర్‌ఓఆర్ అనే మాట అందరూ అంటున్నారు. కంప్యూటర్ లేకుండా దాన్ని పాటించడం సాధ్యమేనా? అసలు అది అంత ముఖ్యమా?

జవాబు: ముఖ్యమే. రేట్ ఆఫ్ రైజ్ అంటే ఉష్ణోగ్రత నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున పెరుగుతోందో తెలిపే అంకె. మొదటి ప్రశ్నలో చెప్పినట్టు, మీటరు చూపే డిగ్రీలు అమరికను బట్టి మారిపోతాయి. కానీ ఒకే ప్రోబ్ ఒకే చోట ఉన్నంతకాలం, అది తప్పు చూపించినా దాదాపు ఒకే తప్పు చూపిస్తుంది. ఒక రీడింగ్‌లోంచి ఇంకో రీడింగ్‌ను తీసివేసినప్పుడు ఆ తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. అందుకే పెరుగుదల వేగం ఉష్ణోగ్రతకంటే నమ్మదగినది. పైగా, మంట చాలా ఎక్కువైందో చాలా తక్కువైందో అది రాబోయే నిమిషాలకు ముందుగానే సూచిస్తుంది. ఉష్ణోగ్రత అయితే జరిగిపోయినదాన్నే చెబుతుంది.

కంప్యూటర్ అవసరం లేదు. ఒక గడియారం, ఒక నోటుపుస్తకం, వీలైతే పక్కన చదివి చెప్పే మనిషి ఉంటే చాలు. ప్రతి 30 సెకన్లకు రీడింగ్ రాయండి. పెరుగుదలను మాత్రం వెనకటి రీడింగ్‌తో కాక, ఒక నిమిషం కిందటి రీడింగ్‌తో పోల్చి లెక్కించండి. దీనికి కారణముంది. మీ మీటరు పూర్తి డిగ్రీలనే చూపిస్తే ఒక్కో రీడింగ్‌లో దాదాపు డిగ్రీ తేడా దాగి ఉండవచ్చు. 30 సెకన్ల తేడాను రెండుతో గుణిస్తే ఆ పొరపాటు కూడా రెట్టింపవుతుంది. అప్పుడు నిలకడగా సాగుతున్న వేపుడు కూడా 10, 14, 10, 12 అని గెంతుతున్నట్టు కనిపించి, మీరు అనవసరంగా మంట నాబ్ మీద చెయ్యి వేస్తారు. కంప్యూటర్‌కు కలుపుకోదలచినవారికి ఆర్టిసాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఈ గీతలన్నీ తనే గీస్తుంది. దానిలోనూ గీతను ఎంత నునుపు చేయాలనే అమరిక ఉంటుంది. మరీ నునుపు చేస్తే నిజమైన మార్పు కూడా ఆలస్యంగా కనిపిస్తుంది.

నా పుస్తకంలోని ఒక వేపుడును ఉదాహరణగా తీసుకుందాం. 250 గ్రాముల గింజలు. టర్నింగ్ పాయింట్ 1 నిమిషం 20 సెకన్లకు, 88 డిగ్రీలు. గింజలు పసుపు రంగుకు తిరిగి, గడ్డి వాసన పోయి రొట్టె కాలుతున్న వాసన మొదలైంది 5 నిమిషాలకు, 150 డిగ్రీలు. ఫస్ట్ క్రాక్ 8 నిమిషాల 40 సెకన్లకు, 197. దించింది 10 నిమిషాల 30 సెకన్లకు, 212. భాగించి చూడండి: మొదటి దశలో సగటున నిమిషానికి 17 డిగ్రీలు, రెండో దశలో 13, క్రాక్ తర్వాత 8. వేగం ఎక్కడా మళ్లీ పుంజుకోకుండా, ఎక్కడా చతికిలబడకుండా క్రమంగా తగ్గుతూ వచ్చింది. అనుభవజ్ఞులైన రోస్టర్లు చాలామంది కోరుకునే తీరు ఇదే, నా నాలుకకు నచ్చిన వేపుళ్లలో ఎక్కువ భాగం కూడా ఇలాంటివే.

కష్టమంతా ఫస్ట్ క్రాక్ దగ్గర ఉంది. పచ్చి గింజలో సాధారణంగా 10 నుంచి 12 శాతం తేమ ఉంటుంది. లోపల బిగుసుకున్న ఆవిరి ఒత్తిడికి గింజ పగిలినప్పుడు ఆ ఆవిరి ఒక్క ఊపున బయటికి వచ్చి, గింజల మధ్య ఉన్న వేడిని కొంత తీసుకుపోతుంది. వేగం నిమిషానికి 10 నుంచి 3కు పడిపోవడం మీరు చూస్తారు. అది చూసి కంగారుపడి మంట పెంచితే, ఆవిరి అయిపోయిన మరుక్షణం గింజలు విపరీతంగా ఎగబాకుతాయి. ముందే జాగ్రత్తపడవలసిన విషయం ఇది. క్రాక్ రావడానికి నిమిషం, నిమిషంన్నర ముందు నుంచే మంటను రెండు మూడు చిన్న మెట్లుగా తగ్గించుకుంటూ వస్తే, క్రాక్ వేళకు వేగం అదుపులో ఉంటుంది, పడిపోవడం కూడా తక్కువగా ఉంటుంది. క్రాక్ విన్న తర్వాత ఒక్కసారిగా మంట ఆర్పేయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వేపుడు అక్కడే నిలబడిపోయి, తీపీ పులుపూ రెండూ చప్పబడిన కాఫీ వస్తుంది.

ఎంత తగ్గించాలన్నది మీ యంత్రం చెప్పాలి. లోహం మందంగా ఉన్న డ్రమ్‌లో మంట తగ్గించిన ఫలితం మీటరు మీద కనబడడానికి అర నిమిషం నుంచి నిమిషం దాకా పట్టవచ్చు. మీ యంత్రానికి ఆ ఆలస్యం ఎంతో ఒకసారి కొలిచి పెట్టుకోండి: వేపుడు మధ్యలో మంటను స్పష్టంగా తగ్గించి, వేగం తగ్గడం కనిపించేదాకా గడియారం చూడండి. ఆ ఒక్క అంకె తెలిసినవారికి, తెలియనివారికి మధ్య చాలా తేడా ఉంటుంది.

ప్రశ్న: వేడిగాలితో పనిచేసే చిన్న పాప్‌కార్న్ యంత్రంలో వేయిస్తున్నాను. ప్రోబ్ ఎక్కడ పెట్టాలి? దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడితే సరిపోదా?

జవాబు: గింజలు సుడి తిరిగే గదిలో, గోడకూ అడుక్కూ తగలకుండా, వేడిగాలి వచ్చే చీలికలకు ఎదురుగా లేకుండా, గింజలు దట్టంగా కిందికి జారే వైపు మొన ఉండాలి. కడ్డీ లావుకు కనీసం పది రెట్ల పొడవు గింజలలో మునగాలని లెక్క, అంటే 3 మిల్లీమీటర్ల ప్రోబ్ 3 సెంటీమీటర్లు మునగాలి. ఈ యంత్రాలలో గింజలు తేలికపడిన కొద్దీ ఎత్తుకు ఎగురుతాయి. మొదట్లో మునిగి ఉన్న మొన క్రాక్ వేళకు బయటపడకుండా చూసుకోండి. అటూఇటూ ఊగే ప్రోబ్ రోజుకో సంఖ్య చెబుతుంది కాబట్టి దాన్ని తీగతో కట్టి వదిలేయకుండా, మూతలో రంధ్రం చేసి గట్టిగా బిగించండి. మోటారూ హీటరూ పక్కనే ఉండడం వల్ల అంకెలు పిచ్చిగా ఎగిరితే, మొన లోహపు తొడుగుకు అతకని రకం ప్రోబ్‌ను ఎంచుకోండి. అది కాస్త నెమ్మదిగా స్పందించినా విద్యుత్ అలజడిని తక్కువగా తీసుకుంటుంది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తనకు కనిపించే ఉపరితలం వేడినే చెబుతుంది. ఎగిరే గింజల సందులోంచి గోడ కనిపిస్తే గోడనూ కలిపి కొలుస్తుంది, మధ్యలో పొగ అడ్డొస్తే తడబడుతుంది. గాజు మూతలోంచి గురిపెడితే మరీ తప్పు, ఎందుకంటే అలాంటి థర్మామీటర్లు పట్టే కిరణాలకు మామూలు గాజు అడ్డుగోడ వంటిది. మీరు చదివేది గాజు వేడిని. ఖాళీ డ్రమ్ కాగిందో లేదో, దించిన గింజలు చల్లారాయో లేదో చూసుకోవడానికి మాత్రం నేనూ దాన్నే వాడతాను.

ఇంకొక మాట. కొన్నాళ్లకు ప్రోబ్ మొన మీద గోధుమరంగు జిగురు పేరుకుని, దాని మీద గింజల పొట్టు అంటుకుంటుంది. ఒక దశలో నా ఫస్ట్ క్రాక్ అంకె వారం వారం కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే, గింజల తీరు మారిందేమోనని చాలా రోజులు అనుకున్నాను. ప్రోబ్ బయటికి తీసి చూస్తే మొన చుట్టూ గోరు మందాన నల్లటి పొర ఉంది. తుడిచేసరికి అంకె పాత చోటికి వచ్చింది.

ప్రశ్న: అవే గింజలు, అంతే తూకం, నాబ్ అదే చోట. ఉదయం వేయిస్తే 9 నిమిషాలకు క్రాక్ వస్తోంది, సాయంత్రం 11 నిమిషాలు పడుతోంది. ఎందుకు?

జవాబు: విద్యుత్ హీటరు అయితే మొదట ఓల్టేజీని అనుమానించండి. హీటరు ఇచ్చే వేడి ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. ఓల్టేజీ 10 శాతం తగ్గితే వేడి 10 శాతం కాదు, 19 శాతం తగ్గుతుంది. 230 ఓల్టులకు బదులు 207 వస్తున్నప్పుడు 1200 వాట్ల హీటరు సుమారు 970 వాట్లే ఇస్తుంది. సాయంత్రం చుట్టుపక్కల వాడకం పెరిగే వేళల్లో ఇంత తేడా రావడం అసాధారణమేమీ కాదు. వేడిగాలి యంత్రాలలో ఓల్టేజీతోపాటు ఫ్యాన్ వేగం కూడా మారుతుంది కనుక ఫలితం ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం. ప్లగ్ దగ్గర పెట్టుకునే చిన్న వాట్ మీటరు ఉంటే ప్రతి వేపుడుకూ వాట్లు రాసుకోవచ్చు.

రెండోది, యంత్రం ఎంత లోతుగా కాగిందన్నది. మీటరు 190 చూపగానే గింజలు పోయడం, అదే 190 దగ్గర పది నిమిషాలు నిలిపి పోయడం ఒకటి కావు. మొదటి సందర్భంలో గాలి కాగింది కానీ డ్రమ్ లోహం ఇంకా కాగలేదు. మొదటి వేపుడు ఎప్పుడూ నెమ్మదిగా సాగడానికీ, వెంటనే వేసిన రెండోది పరుగెత్తడానికీ ఇదే కారణం. రెండు వేపుళ్ల మధ్య ప్రతిసారీ ఒకే క్రమం పాటించాలి: దించిన తర్వాత మంట ఎంతకు తగ్గిస్తారు, మీటరు ఎంతకు దిగేదాకా ఆగుతారు, తిరిగి ఎన్ని నిమిషాలు కాగనిస్తారు అనేవి ముందే నిర్ణయించి రాసుకోండి.

నాబ్ స్థానాన్ని కొలబద్దగా తీసుకోవడమే మీ ఇబ్బందికి మూలం. నాబ్ ఎక్కడున్నా సరే, 5వ నిమిషంలో గింజలు నిన్న ఉన్నచోటే, నిన్నటి వేగంతోనే ఉన్నాయా అన్నది చూసుకుని, లేకపోతే అక్కడే మంటను సవరించండి. రీడింగులు తీసుకునేది అందుకే.

ప్రశ్న: పీఐడీ కంట్రోలర్‌కు (పెట్టిన ఉష్ణోగ్రత నిలిచేలా హీటరును తనే నడిపే పరికరానికి) గింజల ప్రోబ్‌ను కలిపి, 212 డిగ్రీలు పెట్టి వదిలేస్తే యంత్రం తనే వేయిస్తుంది కదా?

జవాబు: దయచేసి అలా చేయకండి. పీఐడీ స్వభావం ఒక స్థిరమైన ఉష్ణోగ్రతను నిలబెట్టడం. వేపుడులో ఏ క్షణమూ స్థిరం కాదు. 212 లక్ష్యంగా పెడితే, గింజలు 90 దగ్గర ఉన్నంతసేపూ అది హీటరును నూరు శాతం మీద నడుపుతుంది. పైగా, గింజలు పోయగానే ప్రోబ్ వంద డిగ్రీలు పడిపోవడాన్ని అది పెద్ద లోటుగా భావించి, ఆ లోటును తన లెక్కలో కూడబెట్టుకుంటుంది. ఆ కూడబెట్టిన లెక్క తీరేదాకా మంట తగ్గించదు. అప్పటికి గింజల అంచులు మాడి, లోపల పచ్చిగా ఉండిపోతాయి.

అంతకంటే పెద్ద ప్రమాదం వేరొకటి ఉంది. ప్రోబ్ ఏ కారణంగానైనా యంత్రంలోంచే బయటికి జారిపోయిందనుకోండి. కంట్రోలర్‌కు తెలిసిందల్లా ఉష్ణోగ్రత చాలడం లేదని మాత్రమే. లోపల గింజలు అంటుకునే దశకు వచ్చినా అది పూర్తి మంట ఇస్తూనే ఉంటుంది.

పీఐడీ వాడాలనుకుంటే గింజల ప్రోబ్‌ను చూడడానికి మాత్రమే ఉంచుకుని, కంట్రోలర్‌కు వేడిగాలి ప్రోబ్‌ను కలపండి. మంట మార్పుకు గాలి కొన్ని సెకన్లలోనే స్పందిస్తుంది కాబట్టి కంట్రోలర్ దాన్ని చక్కగా నిలబెట్టగలదు. గాలి ఎంత వేడి ఉండాలనే లక్ష్యాన్ని మీరు దశల వారీగా మారుస్తూ, గింజల పెరుగుదల వేగాన్ని చూసుకోవచ్చు. పది ఇరవై వేపుళ్లు చేత్తో చేసి, మీ యంత్రం నడక తెలిసిన తర్వాతే ఆ దశలను కంట్రోలర్‌లో రాసి పెట్టండి. ఏ పద్ధతిలోనైనా, కంట్రోలర్‌తో సంబంధం లేకుండా హద్దు దాటగానే హీటరును తెంచే థర్మల్ ఫ్యూజు విడిగా ఉండి తీరాలి. పొట్టు ఎండుటాకులా అంటుకుంటుంది. వేపుడు సాగుతుండగా యంత్రం దగ్గర నుంచి ఒక్క నిమిషం కూడా కదలకూడదు. గింజలు వేగేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ కూడా వెలువడుతుంది కాబట్టి గాలి ధారాళంగా ఆడే చోటే వేయించాలి.

ప్రశ్న: నాకు యంత్రం లేదు, ఇనుప మూకుడులో గరిటెతో కలుపుతూ వేయిస్తాను. థర్మామీటరు కొనడం ఉపయోగమేనా?

జవాబు: గింజల వేడి కొలవడానికి ఉపయోగం తక్కువ. మూకుడులో గింజలు ఒకే పొరగా పరుచుకుని ఉంటాయి, అడుగు ఒక వేడిలో, పైభాగం ఇంకో వేడిలో ఉంటుంది. ప్రోబ్‌ను స్థిరంగా ముంచి ఉంచే లోతు అక్కడ ఉండదు. గింజలు పోయడానికి ముందు ఖాళీ మూకుడు వేడిని ప్రతిసారీ ఒకే అంకెకు తెచ్చుకోవడానికి మాత్రం ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పనికొస్తుంది. నల్లటి ఇనుము మీద అది నమ్మకంగా చదువుతుంది, మెరిసే స్టీలు మీద చదవలేదు. ఆ తర్వాత గడియారం, రంగు, వాసన, చెవి. పసుపు తిరిగిన సమయాన్నీ, మొదటి పగులు విన్న సమయాన్నీ రాసుకుంటే, ఆ రెండింటి మధ్య ఎడమే మీకు వేగం తెలిపే కొలత.

ప్రశ్న: ప్రతిసారీ ఒకే అంకె దగ్గర దించుతున్నాను. అయినా ఒకసారి పుల్లగా, ఒకసారి చేదుగా వస్తోంది. దించవలసిన ఉష్ణోగ్రతను ఎలా నిర్ణయించాలి?

జవాబు: దించే ఉష్ణోగ్రత చివరి మాట మాత్రమే, గింజ అక్కడికి ఎలా చేరిందన్నది కూడా రుచిలో ఉంటుంది. క్రాక్ నుంచి 15 డిగ్రీలు ఎక్కడానికి 50 సెకన్లు పట్టిన గింజకూ, 2 నిమిషాలు పట్టిన గింజకూ పైరంగు దాదాపు ఒకేలా కనిపించవచ్చు. కానీ మొదటిదాన్ని పొడి చేసి చూస్తే లోపలి పొడి రంగు లేతగా ఉంటుంది, కాఫీ పుల్లగా, పసరుగా వస్తుంది. అందుకే దించిన అంకె పక్కన, క్రాక్ తర్వాత గడిచిన సమయాన్ని తప్పకుండా రాయండి. ఈ రెండూ కలిస్తేనే దించే స్థానం పూర్తవుతుంది.

ప్రారంభానికి క్రాక్ తర్వాత 12 నుంచి 16 డిగ్రీల మధ్య, ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలలో దించి చూడండి. నూనె మెరిసే ముదురు వేపుడు కావాలంటే సెకండ్ క్రాక్ దాకా, అంటే గింజలు రెండోసారి పగిలేదాకా వెళ్లాలి. అది చాలా యంత్రాలలో 225 డిగ్రీల చుట్టుపక్కల, పలచని చిటచిట శబ్దంతో వస్తుంది. అక్కడ కొన్ని సెకన్ల ఆలస్యానికే రుచి మారిపోతుంది కనుక, కావలసిన అంకెకు రెండు డిగ్రీల ముందే చెయ్యి తలుపు మీద ఉండాలి. దించిన గింజలు తమ వేడికి తామే ఇంకా వేగుతుంటాయి. జల్లెడ కింద ఫ్యాన్ పెట్టి, నాలుగు నిమిషాలలోపు చేత్తో పట్టుకోగలిగేంతగా చల్లార్చకపోతే మీటరు దగ్గర పడిన శ్రమంతా అక్కడ జారిపోతుంది. ఒకసారి పుల్లగా, ఒకసారి చేదుగా రావడానికి ఇది కూడా కారణమై ఉండవచ్చు.

మీటరుతో సంబంధం లేని సాక్ష్యం ఒకటి ఉంది, అది తూకం. 250 గ్రాముల పచ్చి గింజలు వేయించాక 213 గ్రాములు తూగితే 14.8 శాతం పోయినట్టు. లేత వేపుడులో ఇది 12, 13 శాతం దగ్గర ఉంటుంది, ముదురు వేపుడులో 17 దాటుతుంది. ఒకే సంచిలోని గింజలను ఒకే అంకె దగ్గర దించినా ఒకరోజు 14, ఇంకోరోజు 15.5 శాతం పోతే, మీటరు ఏమి చెప్పినా ఆ రెండూ వేర్వేరు వేపుళ్లే. అలాంటి రోజున ముందుగా ప్రోబ్ మొన తుడిచి చూడండి, తరువాత 150 నుంచి క్రాక్ వరకు పట్టిన సమయాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ దారి మళ్లిందో ఆ రెండింటిలో ఒకచోట బయటపడుతుంది.